జంపన్నవాగు ఒడ్డున ఛాయాచిత్రకారుడు

ప్రకృతిదృశ్యములను ఛాయాచిత్రములుగా తీయుట నేడు మిక్కిలి సులభమైనది. విద్యార్థి చేతిలోని ఫోను సైతము వేకువమంచును, చెట్ల నడుమ జారు లేతయెండను పట్టగలదు. అయినను కంటికి ఇంపైన ప్రతి చిత్రమును ఆ ప్రదేశమును గూర్చి నిజమే చెప్పుచున్నదా? ఈ ప్రశ్నను పరిశీలించుటకు ములుగు జిల్లాలోని మేడారము తగిన స్థలము. వాగు, అడవి, జానపదగాథ మూడును అచట కలిసియున్నవి.

మేడారము చెంత ప్రవహించు జంపన్నవాగునకు పూర్వనామము సంపెంగవాగు. సమ్మక్క కుమారుడు జంపన్న కాకతీయసేనతో పోరాడి ఈ వాగులోనే ప్రాణములు విడిచెననియు, అతని రక్తముచే నీరు ఎరుపెక్కెననియు ప్రజలు చెప్పుకొందురు. సమ్మక్క చిలుకలగుట్ట వైపు సాగి అదృశ్యమయ్యెననియు, కుంకుమభరిణె మాత్రమే లభించెననియు గాథ. రెండేండ్లకొకమారు మాఘపూర్ణిమ ప్రాంతమున జరుగు జాతరలో విగ్రహములు కానరావు. కుంకుమభరిణెయు, వెదురును గద్దెలకు చేరును. దేవత అడవినుండి వచ్చి అడవికే మరలును.

ఈ గాథ ఎరుగనివానికి ఆ వాగు వానకాలమున బురదనీరు, వేసవియందు ఇసుకమేట. ఎరిగినవాడు ఎచట నిలువవలెనో, ఏ వేళకై వేచియుండవలెనో తెలిసికొనును. గాథ అతని చూపునకు దారి చూపును.

అట్లని గాథ కొరకు దృశ్యమును మార్చుట తగదు. శీతకాలపు రాత్రి నేల చల్లబడగా, దానిపైనున్న తేమగాలి సూక్ష్మజలబిందువులుగా మారి మంచగును. ఆ బిందువులు వెలుతురును చెదరగొట్టుటచే దూరపు చెట్లు వెలవెలబోవును, దగ్గరివి నల్లగా నిలుచును. కెమెరా షట్టరును ఒకటి రెండు సెకనులు తెరచియుంచినచో పారునీరు పాలనురుగువలె కనిపించును. ఇవన్నియు నిజమైన వెలుతురును, నిజమైన నీటిని ఆశ్రయించిన నేర్పులు. లేని మంచును కంప్యూటరుతో అద్దుట, జంపన్న నెత్తురు పేర నీటికి ఎర్రరంగు పూయుట వేరు. ప్రజలు తరతరములుగా మనస్సున నిలుపుకొన్న స్మృతి అందువలన కనికట్టుగా దిగజారును.

ఈ విచక్షణ ఏల అవసరమో ఇటీవలి చరిత్రయే చెప్పుచున్నది. 2024 ఆగస్టు 31వ తేదీన వీచిన పెనుగాలికి తాడ్వాయి–మేడారము అడవిలో వేలాది వృక్షములు కూలిపోయినవి. అంతకుముందు అచట తీసిన చిత్రములు నాటినుండి వేడుకవస్తువులుగాక సాక్ష్యములైనవి. ఏ చెట్టు ఎచట ఉండెనో, కొమ్మలెంత దట్టముగా అల్లుకొనియుండెనో అవి చెప్పగలవు. వానియందు లేని చెట్లను చేర్చియున్నచో, ఉన్నవానిని చెరిపియున్నచో, ఆ సాక్ష్యమునకు విలువ యెక్కడిది?

గాథకును ఇట్టి ప్రమాదమే కలదు. చెట్టు గాలికి కూలును. కథ చెప్పు వృద్ధులు గతించినప్పుడు, వినినవారు లేకున్న కథయు వారితోనే పోవును.

తెలుగుదేశమున వాగో, గుట్టయో, ముసలిచెట్టో, దానిని గూర్చిన కథయో లేని ఊరు అరుదు. ఉపాధ్యాయులు సెలవుదినములలో విద్యార్థులచే ఈ పని చేయింపవచ్చును. మొదట ఊరిపెద్దలను అడిగి కథ వినవలెను. వారి మాటలలోనే వ్రాసికొనవలెను. తరువాత వారి అనుమతితో ఆ చోటును చిత్రింపవలెను. చిత్రము క్రింద స్థలము, తేదీ, వేళ తప్పక వ్రాయవలెను. ఇట్టి చిత్రములు పది పాఠశాలలో భద్రపడినను, ఆ ఊరి అడవి రేపు ఎంత మారినను, ముందుతరమువారికి దాని రూపమును, గాథయును తెలియును.