పినాకిని మోసికొనిపోవునది

నందికొండల ప్రాంతమున రెండు పినాకినులు పుట్టినవి. ఉత్తర పినాకిని తెలుగునేలను తడిపి, నెల్లూరు దాటి సముద్రమును చేరును. దక్షిణ పినాకిని హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మీదుగా వచ్చి, మన కావేరిపట్టణమును ఒరసికొని, కడలూరు కడ సముద్రమున కలియును. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో మేము మొదటిదానిని చూచితిమి. నేడు రెండవదాని యొడ్డున పాఠము చెప్పుచున్నాము. రెండును చేరు కడలి బంగాళాఖాతమే.

విద్యార్థులారా! ఏరు నీటిని మాత్రమే మోయదు. పొలములనుండి జారిన ఎరువు, ఊళ్ల మురుగు, వానిలోని నత్రజని, భాస్వరము కూడ దానితో పోవును. ఇవి పైరునకు వలెనే నీటిలోని నాచునకును ఆహారము. నాచు మితముగ నున్నచో చేపలకు మేత యగును. మితిమీరినచో దట్టముగ పెరిగి, చచ్చి, అడుగునకు దిగును. దానిని కుళ్లజేయు సూక్ష్మజీవులు నీటిలో కరగియున్న ప్రాణవాయువును హరించును. అప్పుడు చేపలకు ఊపిరాడదు.

సముద్రమునను ఇదే కథ. గంగా గోదావర్యాది నదుల మంచినీరు తేలికయై బంగాళాఖాతముపై పొరవలె నిలుచును. క్రింది నీటితో సులభముగ కలియదు. అందుచే సుమారు 100 మీటర్ల దిగువన ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. అచట లవలేశమే మిగిలియున్నదని 2017లో వెలువడిన పరిశోధన తెలిపినది. ఇది చాలవరకు ప్రకృతిసిద్ధము. మన యేరే కారణమనుట సత్యము కాదు. కాని అంత సన్నని ఊపిరిపై మరికొంత భారము మోపుట వివేకమా?

బెంగుళూరు మురుగు బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా వచ్చుచుండ, కెలవరపల్లి జలాశయమున నురుగు తేలుచుండ, మనమేమి చేయగలమని కొందరు పెద్దలందురు. మురుగును శుద్ధిచేసి విడువుడని పైవారి నడుగుట న్యాయమే. కాని వారికి మనము దిగువవారమైనట్లే, విల్లుపురము, కడలూరు వారికి మనమే పైవారము. మన కాలువలో చెత్త వేయుచు ఏ నోటితో ఇతరులను నిందింతుము?

తల్లిదండ్రులకు మా మనవి: మన్ను పరీక్ష చేయించి తగినంతయే యెరువు వేయుడు, వాన ముంచుకొనివచ్చు వేళ చల్లకుడు. ఏటిపాలైన ఎరువు మీ కష్టార్జితమే. పిల్లలారా, వారమున కొకసారి పెద్దలతో కూడి, ఒడ్డుననే నిలిచి, నీటి రంగు, వాసన, నురుగు పరికించి తెలుగున వ్రాసియుంచుడు. మన భాషలో విజ్ఞానము ఒదగదనువారికి ఆ పుస్తకమే సమాధానము కాగలదు.