మాటల్లేని బొమ్మ

సాయంత్రం ఆరు దాటితే హుజూర్‌నగర్‌లోని మా ఇంట్లో టెలివిజన్ మోగుతూనే ఉంటుంది. పిల్లలు నవ్వుతారు. మా ఆవిడ కళ్ళొత్తుకుంటుంది. మా మేనత్త మాత్రం గోడకు చేరగిలబడి తెరవంకా, మా ముఖాలవంకా మార్చి మార్చి చూస్తూ కూర్చుంటుంది. ఆమెకు చెవులు వినపడక నాలుగేళ్ళయింది. వినపడని మనిషి క్రమంగా మాట్లాడడం కూడా మానేస్తుందన్న సంగతి నేను ఆలస్యంగా గ్రహించాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆ నోరు మూతపడితే ఇల్లే మూగపోయినట్టు కాదూ?

మొన్న దసరా సెలవులలో మా చిన్నమ్మాయి దేనికోసమో వెతుకుతూ చార్లీ చాప్లిన్ 1921లో తీసిన 'ది కిడ్' పెట్టింది. మూకీ చిత్రం. కన్నతల్లి వదిలిపెట్టిన పసికందును ఒక దేశదిమ్మరి పెంచుతాడు. పిల్లవాడు రాళ్ళు విసిరి కిటికీ అద్దాలు పగలగొడితే, ఏమీ ఎరగనట్టు వెనకాలే ఇతను అద్దాలు బిగించేవాడై వస్తాడు! చివరకు అనాథాశ్రమంవాళ్ళు పిల్లవాణ్ణి బండిలో పడేసుకుని పోతుంటే, ఇళ్ళ కప్పులమీదుగా పరుగెత్తి దక్కించుకుంటాడు. నడుమ నడుమ తెరమీద వచ్చే ఇంగ్లీషు మాటలను మా అమ్మాయి పలకమీద తెలుగులో రాసి చూపించింది. ఆ పరుగు దగ్గర అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బొమ్మ అయిపోయాక, "గసొంటిదే ఇంకోటి పెట్టు బిడ్డా" అంది. నెల రోజులలో ఆమె నోట నేను విన్న పొడుగాటి మాట అది.

సరే, అటువంటిదే మరొకటి తేవాలి. మూకీయే కదా అని, పేరు గొప్పదని, 1927 నాటి జర్మన్ చిత్రం 'మెట్రోపోలిస్' పెట్టాను. ఎటు చూసినా యంత్రాలు, చక్రాలు, పొగ. అత్త పావుగంట చూసి, "గీ మిషన్లు మిర్యాలగూడ రైసుమిల్లుల జూడలేదా?" అని లేచి వెళ్ళిపోయింది. తప్పు నాదే. వంకాయ కూర బాగుందన్నవారికి, అదీ కూరే కదా అని కాకరకాయ వడ్డించాను.

అప్పుడు ఆలోచించాను. ఆమెను పట్టి కూర్చోబెట్టింది మాటలు లేకపోవడం ఒక్కటే కాదు. పెంపకం, ఎడబాటు, మళ్ళీ కలయిక. వెతకవలసింది వాటినే.

మొదటి దారి, ఆ చేతి వంటే మరొకటి. చాప్లిన్‌దే 'సిటీ లైట్స్', 1931 నాటిది. అప్పటికి టాకీలు వచ్చేశాయి. అయినా ఆయన సంగీతం చేర్చాడే గాని పాత్రలకు మాటలు పెట్టలేదు. పూలమ్మే గుడ్డిపిల్లకు చూపు వచ్చాక, తనకు ఉపకారం చేసినవాణ్ణి చేతి స్పర్శతో గుర్తుపడుతుంది. రెండవ దారి, అదే రసం వేరొకరి చేతిలో. మూర్నో అనే జర్మన్ దర్శకుడు 1927లో అమెరికాలో తీసిన 'సన్‌రైజ్'. పట్నపు ఆడదాని మాటవిని పెళ్ళాన్ని చెరువులో ముంచబోయిన పల్లెటూరి మొగుడు, పశ్చాత్తాపపడి ఆమెను మళ్ళీ గెలుచుకునే కథ. అత్త ఆ మొగుణ్ణి సగం బొమ్మదాకా తిట్టింది, ఆపైన క్షమించింది.

మూడవ దారి మన నేల. హిమాంశు రాయ్ నటించి నిర్మించగా, ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకత్వం వహించిన 'షిరాజ్' 1928 నాటిది. దిక్కులేని ఆడపిల్లను ఒక కుమ్మరి ఇంట పెంచుకుంటారు. పెరిగి ఆమె ముంతాజ్ అవుతుంది. ఆమెను ప్రేమించిన కుమ్మరి కొడుకు చివరకు తాజ్‌మహల్‌కు నమూనా చేస్తాడు. చరిత్ర కాదు, కల్పనే. అయితేనేం, పెంచిన చేతుల కథ. దీనిని 2017లో లండన్‌లో బాగుచేసి మళ్ళీ ప్రదర్శించారు. ఇంత పాతవి వద్దనుకునేవారికి మన సింగీతం శ్రీనివాసరావుగారి 'పుష్పక విమానం' ఉండనే ఉంది. 1987లో తీసినా అందులో సంభాషణ అన్నదే లేదు.

"మనోళ్ళు అప్పట్ల తియ్యలేదా?" అని అడిగింది అత్త.

తీశారు. బందరుకు చెందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు కొడుకు ప్రకాష్‌ను సినిమా విద్య కోసం విదేశాలకు పంపారు. అతను తిరిగివచ్చి మద్రాసులో 'భీష్మప్రతిజ్ఞ' తీశాడు. అదీ 1921లోనే, 'ది కిడ్' వచ్చిన ఏడే! ఇటు మన నిజాం రాజ్యంలో 1922లో ధీరేన్ గంగూలీ హైదరాబాదు చేరి లోటస్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. 1924లో తన హాలులో 'రజియా బేగం' ఆడించినందుకు ప్రభువు ఆగ్రహించడంతో ఊరు విడవవలసి వచ్చింది. దేశం మొత్తంమీద పదమూడు వందల దాకా మూకీలు తీశారంటారు. పూర్తిగానో, ముక్కలుగానో మిగిలినవి కొద్ది డజన్లు మాత్రమే. ఆనాటి నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనే సరుకు. మన ఎండకు, తేమకు అదే పాడయ్యేది. మిగిలినదాన్ని అందులోని వెండికోసం కరిగించారు. పూనాలో జాతీయ ఫిల్ము భాండాగారం వెలిసేసరికి 1964 వచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది. 'భీష్మప్రతిజ్ఞ' దొరకదు.

ఇంత సంగతీ పలకమీద ఎలా పడుతుంది? మా అమ్మాయి మూడే మాటలు రాసింది: "భీష్మప్రతిజ్ఞ. తీశారు. పోయింది."

అత్త ఆ పలక కాసేపు చూసింది. "బొమ్మ పోతే పాయె, కథ నాకు రాదా? ఇటు రాండ్రి" అని పిల్లలను దగ్గరకు పిలిచింది. గంగ శంతనుణ్ణి పెళ్ళాడడం, పుట్టిన బిడ్డలను ఒక్కొక్కరినే నీళ్ళలో విడవడం, ఎనిమిదవవాడు బతికి భీష్ముడు కావడం, చేతులు తిప్పుతూ, గొంతు మార్చి మార్చి చెప్పుకుపోయింది. టెలివిజన్ కట్టేశాం. మధ్యలో ఆగి, "గా ఇంగ్లీషు పిల్లగాని తల్లి లెక్కనే, ఈమె గూడ ఎందుకు ఇడిసిందో ఎవలడిగిన్రు?" అంది.

దాశరాజు పెట్టిన షరతు దగ్గరకు వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. మిగిలింది రేపు చెబుతానంది.