ఉద్యోగం ఒకరిది, వలస ఇంటిల్లిపాదిది

పొరుగు రాష్ట్రంలో పెద్ద జీతంతో సాఫ్ట్‌వేర్ కొలువు దొరికిందన్న కబురు తెలుగునాట ఏ ఇంటికైనా పండుగే. జీతం ఎంత, ఎప్పుడు చేరాలి అన్న ప్రశ్నలకు నియామక పత్రంలోనే సమాధానం ఉంటుంది. భార్యాబిడ్డలతో, వృద్ధులైన తల్లిదండ్రులతో వెళ్లి ఏ పేటలో కాపురం పెట్టాలన్న ప్రశ్నకు మాత్రం ఏ పత్రంలోనూ జవాబు కనిపించదు. ఆ కుటుంబ సుఖదుఃఖాలు సగానికి పైగా దీనిమీదనే ఆధారపడి ఉంటాయి. ఒంటరిగా వెళ్లే యువకుడికి తలదాచుకునే గది, వేళకు భోజనం ఉంటే చాలు. సంసారంతో తరలివెళ్లేవారి సంగతి వేరు. ఉద్యోగం ఒక్కరిదే అయినా ఊరు మారేది ఇంటిల్లిపాదీ. అయినప్పటికీ కార్యాలయానికి ఎంత దూరమన్న ఒక్క లెక్కతోనే చాలామంది ఇల్లు చూసుకుంటున్నారు. దేశంలో సాఫ్ట్‌వేర్ రంగానికి రాజధానిగా పేరుపొందిన బెంగుళూరు అనుభవం ఈ లెక్క ఎంత అసంపూర్ణమో చాటి చెబుతోంది.

దూరం ముఖ్యం కాదని ఎవరూ అనరు. బెంగుళూరులో పది కిలోమీటర్ల ప్రయాణానికి 2024లో సగటున 34 నిమిషాలకు పైగా పట్టిందని టామ్‌టామ్ సంస్థ లెక్కగట్టింది. ఇంటికి, ఆఫీసుకు మధ్య 15 కిలోమీటర్లుంటే, ఈ సగటు ప్రకారమే రానుపోను గంటా నలభై నిమిషాలు రోడ్డుపాలవుతాయి. రద్దీ వేళల్లో అంతకు మించి పడుతుందని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒకచోట స్థిరంగా ఉండేది కాదు. రెండు మూడేళ్లకు సంస్థ మారవచ్చు. అదే సంస్థ తన కార్యాలయాన్ని నగరం మరో కొసకు తరలించవచ్చు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఒకరిది దక్షిణాన ఎలక్ట్రానిక్ సిటీ, మరొకరిది తూర్పున వైట్‌ఫీల్డ్ కావచ్చు. బిడ్డ బడిని, పెద్దల వైద్యుణ్ణి అంత సులభంగా మార్చలేము. కనుక తరచు మారేదానికి దగ్గరగా కాక, మారనివాటికి దగ్గరగా ఇల్లు చూసుకోవడమే వివేకం. బడి, ఆసుపత్రి, నమ్మకమైన నీటి సరఫరా, నగరం నలుమూలలకు చేర్చే మెట్రో స్టేషను లేదా బస్సు మార్గం - ఇవీ ఆ మారనివి.

వీటిలో మొదట విచారించవలసింది నీరు. నూరు కిలోమీటర్ల దూరం నుంచి, ఎత్తుకు తోడి తెచ్చే కావేరీ జలాలే బెంగుళూరుకు ప్రాణాధారం. పాత నగరానికి ఈ నీరు గొట్టాల ద్వారా అందుతుండగా, సాఫ్ట్‌వేర్ సంస్థల చుట్టూ పెరిగిన శివార్లు దీర్ఘకాలం బోరుబావులతో, ట్యాంకర్లతో నెట్టుకొచ్చాయి. 2024 వేసవిలో దాదాపు 14 వేల ప్రభుత్వ బోరుబావుల్లో 6,900 ఎండిపోయాయని కర్ణాటక ప్రభుత్వమే ప్రకటించింది. ఈతకొలనులున్న ఖరీదైన అపార్టుమెంట్లలోనివారు సైతం బిందెడు నీటికోసం ట్యాంకరు దారి చూడవలసి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2022 సెప్టెంబరులో, ఇదే శివార్లు నీట మునిగాయి. ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాల్లో ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి కార్యాలయాలకు వెళ్లిన దృశ్యాలను దేశమంతా చూసింది. వానాకాలంలో ముంపు, వేసవిలో కరవు. చెరువులను, వాటిని కలిపే రాజకాలువలను పూడ్చి మేడలు కట్టిన పాపానికి ప్రకృతి విధించిన శిక్ష ఇది. ఆ శిక్ష అనుభవిస్తున్నది మాత్రం పూడ్చినవారు కాదు, అద్దెకు దిగినవారు.

ఈ దుస్థితి రాత్రికి రాత్రి వచ్చిపడలేదు. ఎలక్ట్రానిక్ సిటీకి 1970వ దశకం చివర్లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ అంకురార్పణ చేసింది. అక్కడికి మెట్రో రైలు వెళ్లింది 2025 ఆగస్టులో. వైట్‌ఫీల్డ్‌కు మెట్రో చేరింది 2023లో. శివార్లలోని 110 గ్రామాలను 2007లో మహానగరంలో విలీనం చేశారు; వాటికోసం ఉద్దేశించిన కావేరీ అయిదో దశ పథకం ప్రారంభమైంది 2024 అక్టోబరులో. పన్నులు ముందు, నీళ్లు పదిహేడేళ్ల తర్వాత! సంస్థలకు స్థలం చూపిన వేగంలో పదో వంతైనా వాటిలో పనిచేసేవారి గూడు, నీరు, దారుల విషయంలో చూపి ఉంటే ఇల్లు వెతుక్కోవడం ఇంత జూదమయ్యేది కాదు.

ఈ జూదంలో ఎక్కువగా నష్టపోయేది స్త్రీలు. ట్యాంకరు రాని రోజున, బడి బస్సు ఆలస్యమైన రోజున, బిడ్డకు జ్వరం వచ్చిన రోజున సెలవు పెట్టవలసింది తల్లే అన్నది మన ఇళ్లలో అలిఖిత శాసనం. భర్త ఉద్యోగం కోసం ఊరు మారి, తన ఉద్యోగాన్ని వదులుకున్న చదువుకున్న మహిళలు ప్రతి అపార్టుమెంటులోనూ కనిపిస్తారు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం సదుపాయం కల్పించాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం నిర్దేశించింది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా ఈ బాధ్యతను కొనసాగించింది. కొత్త ఊళ్లో ఇల్లు చూసుకునే దంపతులు జీతంతోపాటు ఈ సదుపాయం గురించీ సంస్థను నిలదీసి అడగాలి. అది వారు కోరే దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కు.

ఇంటి బేరంలోనూ తొందర పనికిరాదు. బెంగుళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా వసూలు చేసే ఆనవాయితీ చిరకాలంగా ఉన్నదే. నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. అయితే రాష్ట్రాలు తమ శాసనంగా చేసుకుంటే తప్ప అది కాగితానికే పరిమితం. ఇక అద్దె భారం భరించలేక, దిగిన కొద్ది నెలలకే అప్పుచేసి ఫ్లాటు కొనడం మరింత ప్రమాదకరం. కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం అద్దె ఇంట్లో గడిపితేగాని ఆ పేట గుణం తెలియదు. ఆ తర్వాత కొనదలచినా నివాసయోగ్యతా పత్రం చూడనిదే సంతకం చేయరాదు. ఆ పత్రం చూశాకే కొత్త భవనాలకు నీరు, విద్యుత్ వంటి కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు విస్పష్టంగా ఆదేశించింది.

ఈ జాగ్రత్తలన్నీ కుటుంబాలు పడవలసినవే. కాని ప్రతి కుటుంబం విడివిడిగా జాగ్రత్తపడితే నగరం బాగుపడదు. జీతం ఉన్నవాడు మంచి పేటను వెతుక్కుంటాడు; అతని కార్యాలయాన్ని ఊడ్చే మనిషి, కాపలా కాసే మనిషి ఎక్కడ ఉండాలి? ఏ వార్డుకు కావేరీ నీరు ఎన్ని గంటలు వస్తుంది, ఏ వీధులు ముంపులో ఉన్నాయి, ఏ భవనానికి అనుమతులున్నాయి అన్న వివరాలు ప్రభుత్వం వద్ద ఉండి తీరాలి. వాటిని అద్దెకు వచ్చే సామాన్యుడికి అర్థమయ్యేలా బహిరంగపరచడానికి కోట్లు అక్కరలేదు, చిత్తశుద్ధి చాలు.

బెంగుళూరు కథ తెలుగు రాష్ట్రాలకు పొరుగింటి ముచ్చట కాదు. హైదరాబాదు పడమటి శివార్లు ఇదే బాటలో చాలా దూరం వచ్చాయి. ఇప్పుడు విశాఖపట్నం వంతు. అక్కడ టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు 21.16 ఎకరాలు కేటాయించాలని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. ఉపాధి కోసం సంస్థలను ఆహ్వానించడం తప్పు కాదు. అయితే కార్యాలయ భవనాలకు పునాది వేసిన రోజునే ఉద్యోగుల ఇళ్లకు, బడులకు, మంచినీటికి, బస్సులకు కూడా పునాది పడాలి. ఆ భవనాల్లోకి రానున్నవారు కంప్యూటర్లను మాత్రమే వెంటబెట్టుకుని రారు. పిల్లలను, తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వస్తారు. 99 పైసలకు సంస్థకు స్థలం చూపగలిగిన పాలకులు, న్యాయమైన అద్దెకు ఆ సంసారాలకు ఒక గూడు చూపగలరా అన్నదే ఇప్పుడు తేలవలసిన విషయం.