అలల లెక్క సరే, ఆ ప్రేమ సంగతో?

సంపాదకులకు,

గత సంచికలో మీ సమీక్షకులు ‘అనదర్ ఎర్త్’ (2011) సినిమాను సైన్సు పరీక్షలో తప్పించేశారు. మరో భూమి అంత దగ్గరికొస్తే సముద్రాలు పొంగవా అన్నారు. పొంగుతాయి, కాదనను. కానీ కథ అది కాదుగా! తాగి కారు నడిపి ఒకాయన భార్యాబిడ్డలను పొట్టన పెట్టుకున్న రోడా, జైలు నుంచొచ్చి, తానెవరో చెప్పకుండా ఆయనింట్లోనే పాచిపనికి కుదురుతుంది. ఆయన రంపాన్ని కమానుతో వాయించి వినిపిస్తాడు. ప్రేమ పుడుతుంది. మరి ఆ మరో భూమి మీద ఉన్న ఇంకో రోడా కూడా ఇదే తప్పు చేసిందా? ఆ రెండో భూమి ఉన్నది ఇందుకే. దర్శకుడు మైక్ కాహిల్ కెమెరా, ఎడిటింగ్ కూడా తానే చూసుకున్నాడు; రచనలో కథానాయిక బ్రిట్ మార్లింగ్ తోడు. సైన్సు సినిమాలకిచ్చే స్లోన్ బహుమతి సన్‌డాన్స్‌లో దీనికే దక్కింది. అన్నట్టు, ముగింపు బయటపెట్టేయడం మాత్రం అన్యాయమండీ.

— ఒక పాఠకుడు, తెనాలి