సర్దుకుపోవడానికి తృప్తి అని పేరా?

ఏకపత్నీత్వం గొప్పదా, బహుప్రేమ సంబంధాలు గొప్పవా అన్న చర్చ ఈ మధ్య మన సమావేశాల్లోకీ వచ్చింది. ఇది పాశ్చాత్య రోగం, మన కుటుంబాలను కూల్చడానికే వచ్చిందని ఒక పక్షం. ఒక్కరికే కట్టుబడి ఉండడం భూస్వామ్య అవశేషం, దాన్ని వదిలించుకోవడమే స్వేచ్ఛ అని రెండో పక్షం. రెండు పక్షాలూ అసలు ప్రశ్నను తప్పించుకుంటున్నాయని నా అభియోగం. ఆ సంబంధంలో ఉన్న స్త్రీ 'వద్దు' అనగలదా? అంటే ఆ రాత్రి ఆమె ఎక్కడ తలదాచుకుంటుంది?

ముందు మాటల అర్థం తేల్చుకుందాం. 'పాలీఅమరీ' అన్నది 1990ల తొలినాళ్లలో అమెరికాలో వాడుకలోకి వచ్చిన మాట. అందరికీ తెలిసి, అందరి అంగీకారంతో, ఒకరికంటే ఎక్కువమందితో ప్రేమ సంబంధాలు కలిగి ఉండడం అని దాని అర్థం. తెలియడం, అంగీకరించడం అన్న ఈ రెండూ లేకపోతే అది బహుభార్యాత్వమో, మోసమో అవుతుంది. వాటికి కొత్త పేరు అక్కర్లేదు.

నీతి పక్షం వారు వినవలసిన సంగతి ఒకటుంది. 2017లో అమెరికాలో టెర్రీ కాన్లీ బృందం ఈ రెండు రకాల సంబంధాల్లో ఉన్న రెండు వేలమందికి పైగా వ్యక్తులను పోల్చి చూసింది. తృప్తిలో, నిబద్ధతలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంగీకారంతో బహుసంబంధాల్లో ఉన్నవారిలో పరస్పర నమ్మకం కాస్త ఎక్కువగా, అసూయ తక్కువగా కనిపించాయి. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకుల నాయకత్వంలో 35 అధ్యయనాలను, 24,489 మంది సమాచారాన్ని కలిపి చూసినప్పుడు కూడా తృప్తిలో తేడా తేలలేదు. అంటే, ఒక్కరితో ఉంటేనే సంబంధం బాగుంటుందన్న మాటకు ఆధారం లేదు.

అలాగని రెండో పక్షం సంబరపడనక్కర్లేదు. ఈ అధ్యయనాల్లో మాట్లాడింది ఎక్కువగా పాశ్చాత్య దేశాలవాళ్లు, తమంతట తాముగా ముందుకొచ్చినవాళ్లు. విసిగి బయటికి వెళ్లిపోయినవాళ్లు ఈ లెక్కల్లోకి సులభంగా రారు. పైగా 'తృప్తి'ని కొలవడమెలా? నా పరిశోధనలో పెళ్లయిన స్త్రీలను ఈ ప్రశ్న అడిగినప్పుడు తరచు విన్న జవాబు ఒకటే: "ఏదో సర్దుకుపోతున్నాం మేడమ్." ప్రశ్నాపత్రంలో ఈ జవాబుకు గడి ఉండదు. చివరికది 'తృప్తి' గడిలోనే పడుతుంది. సర్దుకుపోవడాన్ని చిన్నప్పటి నుంచి నేర్పిన సమాజంలో తృప్తి అంకెలను నేను అంత తేలిగ్గా నమ్మలేను.

ఇంతకీ మనం కాపాడుకోవాలంటున్న ఏకపత్నీత్వం ఎలాంటిది? ఒక్క భార్యతో ఉన్న మగవాణ్ణి పొగడడానికి 'ఏకపత్నీవ్రతుడు' అన్న మాట ఉంది. అతనికది వ్రతం, ఆమెకు మాత్రం విధి! 'సవతి'కి పుంలింగం లేదు. 'చిన్నిల్లు' అంటే అది మగవాడిదేనని ఎవరూ చెప్పనక్కర్లేదు.

చట్టం మాత్రం తక్కువ తిన్నదా? 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా బతికే ఉంది. దాని ప్రకారం భర్త అనుమతి లేకుండా అతని భార్యతో సంబంధం పెట్టుకున్న పరపురుషుడు నేరస్తుడు. భర్తపై ఫిర్యాదు చేసే హక్కు భార్యకు లేదు. అంగీకారం అన్న మాట చట్టంలో ఉంది, కాని అది భర్త అంగీకారం! ఇక 1955 హిందూ వివాహ చట్టం రెండో పెళ్లి చెల్లదంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ భర్తకు వేరే భార్య ఉందని చెప్పిన స్త్రీలు హిందువుల్లో 1.3 శాతం, ముస్లింలలో 1.9 శాతం. పెళ్లి దాకా రాని చిన్నిళ్లను ఎవరు లెక్కపెట్టారు? భర్త హింసను ఎదుర్కొన్నామని చెప్పిన స్త్రీలు అదే సర్వేలో తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఈ కాపురాల్లో అత్యధికం ఒకే భార్య ఉన్నవే కదా?

మరోపక్క, పాత చిన్నింటికి కొత్త బోర్డు తగిలించే అభ్యుదయవాదులు మనలోనే తయారయ్యారు. సంబంధం మొదలుపెట్టాక ఇంటికొచ్చి, "ఇది పాలీఅమరీ, నువ్వు విశాలంగా ఆలోచించాలి" అంటాడు. తన పేర ఇల్లు, జీతం లేని భార్య తలూపితే దాన్ని అంగీకారం అందామా? అదే స్వేచ్ఛ ఆమె తీసుకుంటే తలూపేవాళ్లు ఎందరు? రెండో స్త్రీ పరిస్థితీ అంతే. మగవాడికి పెళ్లయిందని తెలిసీ అతనితో కాపురం చేసిన స్త్రీది వివాహం వంటి సంబంధం కాదని, గృహహింస చట్టం ఆమెకు వర్తించదని 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇలాంటి స్త్రీల గురించి పార్లమెంటు ఆలోచించాలని కూడా అంది. ఆ ఆలోచన చట్టంగా మారలేదు. స్వేచ్ఛ ఇద్దరిదీ అంటారు, వీధిన పడేది మాత్రం ఆమె ఒక్కతే.

కాబట్టి, కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసే మిత్రులను నేను అడిగేది ఇది. మన దగ్గరికి వచ్చిన స్త్రీని ఎంతమందితో సంబంధంలో ఉన్నావని గాని, అతనికి ఎందరున్నారని గాని మొదటి ప్రశ్నగా వేయకండి. ఇల్లు ఎవరి పేర ఉంది, చేతిలో ఎంత డబ్బుంది, వద్దంటే దెబ్బలు పడతాయా, వెళ్లిపోతే పిల్లలు ఎవరి దగ్గరుంటారు అని అడగండి. "సర్దుకుపో" అని రాజీ కాగితం మీద సంతకం పెట్టించి, కాపురం నిలబెట్టామని నివేదికలు రాసుకోవడం ఆపుదాం. పెళ్లయ్యాక కూడబెట్టిన ఆస్తిలో భార్యకు వాటా, పెళ్లి ముద్ర ఉన్నా లేకున్నా కలిసి బతికిన స్త్రీకి మనోవర్తి, హింస నుంచి రక్షణ - వీటికోసం గట్టిగా పోరాడదాం.

అవి చేతికొచ్చిన రోజున ఒక్కరితో ఉండాలో, ఇద్దరితో ఉండాలో, ఎవరితోనూ ఉండకూడదో స్త్రీలే తేల్చుకుంటారు. వాళ్ల తరఫున తీర్పు చెప్పే పని మనకూ వద్దు, మతపెద్దలకూ వద్దు, అభ్యుదయవాదులకూ వద్దు.