జాబితాకెక్కిన పేరు
ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఉగ్రవాద ఆంక్షల జాబితాలో 2001 అక్టోబరులో సౌదీ వ్యాపారి యాసిన్ ఖాదీ పేరు చేరింది. ఆ వెంటనే ఐరోపాలో ఆయన ఆస్తులు స్తంభించాయి. విచారణ లేదు, ఆధారాలేమిటో చెప్పినవారూ లేరు. ఖాదీ కోర్టుకెక్కితే, మండలి తీర్మానాలను తాము దాదాపు ప్రశ్నించలేమంటూ 2005లో ఐరోపా దిగువ కోర్టు చేతులెత్తేసింది. 2008 సెప్టెంబరులో ఐరోపా న్యాయస్థానం వేరే దారి తొక్కింది. తీర్మానం జోలికి పోకుండా, దాన్ని అమలుచేసిన ఐరోపా నిబంధనను ఖాదీ వరకు కొట్టేసింది. తన వాదన వినిపించుకునే హక్కును ఉగ్రవాదంపై పోరు పేరుతో తుడిచెయ్యడం కుదరదన్నది ఆ తీర్పు సారం. అయితే లోపాలు సరిదిద్దేందుకు మూడు నెలల గడువూ ఇచ్చింది. ఆలోగా ఐరోపా కమిషన్ క్లుప్తంగా కారణాలు రాసి పేరును అలాగే ఉంచేసింది! తప్పు దిద్దుకోవడం అనే కన్నా దీన్ని కాగితాల తంతు అనడమే సబబు. అలా పేరు ఉంచిన ఉత్తర్వునూ 2010లో దిగువ కోర్టు కొట్టేసింది. 2013 జులైలో పై కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ఈ ఒత్తిడి నడుమ మండలి కూడా కొంత దిగివచ్చి, తొలగింపు అర్జీలు పరిశీలించేందుకు 2009లో అంబుడ్స్‌పర్సన్ పదవిని సృష్టించింది. 2011 నుంచి పేరు తొలగించాలన్న అంబుడ్స్‌పర్సన్ సిఫారసును ఆపాలంటే మండలి ఆంక్షల కమిటీ అంతా ఏకగ్రీవంగా కాదనాలి, లేదా విషయం మండలి ముందుకు వెళ్లాలి. కోర్టుకు ఇది సాటిరాదు. పైగా ఈ సదుపాయం అల్‌ఖైదా, ఐసిస్ జాబితాకే పరిమితం. ఖాదీ పేరును కమిటీ 2012 అక్టోబరులో తీసేసింది, ఐరోపా తుది తీర్పుకు తొమ్మిది నెలల ముందు.