ఓడినోళ్లను చూసి నవ్వొద్దు



ఈ ఏడు మన ఫుట్‌బాల్ జట్టు ఆడిన ఐదు మ్యాచ్‌లూ ఓడిపోయింది. నేనే గోలీని. అన్నం లైన్ల నిలబడితే "బంతి వస్తుంది, పట్టు" అని నవ్వుతున్నరు. నవ్వే ముందు ఒక్క మాట వినండి.

మన నగరం పేరుతో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌.సి. 2019-20లో ఇండియన్ సూపర్ లీగ్‌లో మొదటిసారి ఆడింది. 18 మ్యాచ్‌లలో రెండే గెలిచి అందరికన్నా చివర నిలిచింది. అదే జట్టు 2022 మార్చిలో కప్పు గెలిచింది. మళ్లీ 2023-24లో 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. ఆట మరిచిపోయి కాదు. జీతాలు సరిగా అందక పెద్ద ఆటగాళ్లు చాలామంది వెళ్లిపోయిండ్రు. మిగిలిన చిన్న వయసు ఆటగాళ్లు చివరి మ్యాచ్ దాకా ఆడిండ్రు.

కాబట్టి ఓడితే కారణం వెతకాలి. మేము ఆదివారం ఒక్క గంటే ఆడుతున్నం. వాన లేక జొన్న ఎండిన ఏడు మా నాయిన వ్యవసాయం మానలేదు, మళ్లీ దున్నిండు.

మేడమ్ గారూ, రోజూ స్టడీ అవర్ ముందు మాకు అరగంట ఇవ్వండి. అప్పుడు కూడా ఓడితే అందరూ నవ్వండి. మేము మాత్రం ఆట మానం.

– 9వ తరగతి విద్యార్థిని, ఉప్పుగూడ